వదిన నవ్వు

పోయిన వారం మనం వార్తలమ్మాయిని రేడియో స్టేషన్ మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. చేతిసంచిలో ఎల్లుండి ఎక్కాల్సిన విమానం టిక్కెట్టు, నోట్లో కదులుతున్న పళ్ళు, చెవిలో వీధి చివరి పళ్ళ డాక్టరు అడిగిన ఒకే ఒక్క ప్రశ్న. "సరే, వెళ్ళండి. నేనెవర్ని వద్దనడానికి? కానీ అక్కడ వేసింది ఇక్కడ విరిగితే ఎవరి దగ్గరికి పరిగెడతారు?"

జరిగింది క్లుప్తంగా ఇదీ. పదేళ్ళుగా రేడియోలో వార్తలు చదువుతున్న మనిషి. వీధిలో అందరికీ వార్తలమ్మాయే. పై వరసలో ముందు నాలుగు పళ్ళూ చిగుళ్ళలో పట్టు వదిలేశాయి. "సహాయ సంస్థల సమావేశం" అని చదవబోతే మాటకో ఈల. మొదట రికార్డింగు చేసే ఆయన ఒక్కడికే వినిపించింది, తర్వాత పై అధికారికి కూడా. గొంతు పరీక్ష మళ్ళీ పెడతామని మెత్తగా చెప్పారు. మెత్తగా చెప్పిన మాటే ఎక్కువ భయపెట్టింది.

వీధి చివరి డాక్టరు ఏడాదిన్నర పడుతుందన్నాడు. ముందు చిగుళ్ళు బాగుచేయాలి, తర్వాత ఎముక గట్టిపడాలి, ఆ తర్వాతే కొత్త పళ్ళు. ఖర్చు చెప్పినప్పుడు ఆమె కుర్చీలోంచి లేవడం మర్చిపోయింది. అప్పుడే వదిన, అంటే భర్తకు స్వయానా అక్క, పరాయి దేశంలో ఉన్న ఒక క్లినిక్కు గురించి చెప్పింది. ఇక్కడి ఖర్చులో మూడో వంతు, పది రోజుల్లో పని పూర్తి, హోటల్ గది కూడా అందులోనే. తను ఏడాది కిందట వెళ్ళి ఎంత అందమైన పళ్ళతో తిరిగొచ్చిందో అందరూ చూశారు కదా. పనిలో పనిగా అత్తగారి పళ్ళు కూడా బాగుచేయిద్దామంది. వార్తలమ్మాయికి సెలవు దొరకడం ఆలస్యమవుతుందని అత్తగారూ భర్తా ముందే విమానమెక్కారు.

ఇక ఈ వారం సంగతి.

డాక్టరు ప్రశ్నకు జవాబు చెప్పగలిగింది వదిన ఒక్కతే. పొద్దుటి నుంచీ ఫోన్ చేస్తుంటే ఎత్తడం లేదు. మధ్యాహ్నం బులెటిన్ ముగించుకుని, మెట్లు దిగి, వార్తలమ్మాయి వదిన ఫోటో స్టూడియో దారి పట్టింది.

దారిలో ఆమె మనసు ఒక చోట నిలవలేదు. ఖర్చు తక్కువ. నిజమే. కానీ ఆ కుర్చీలో వెనక్కి వాలాక పైనుంచి వంగి చూసే మొహం ఎవరిదో తెలియదు. వాళ్ళ మాట తనకు రాదు, తన మాట వాళ్ళకు రాదు. నొప్పేస్తే చెయ్యెత్తమంటారట. చెయ్యెత్తితే ఆపుతారన్న నమ్మకం ఏమిటి? తెరిచిన నోటితో మనిషి ఎవరితో పోట్లాడగలదు? పది రోజుల్లో అన్నీ పీకి అన్నీ బిగించేస్తారు. ఇక్కడి డాక్టరు ఏడాదిన్నర ఆగాలంటున్నది మరి దేని కోసం? ఆయన డబ్బు కోసమే ఆగమంటున్నాడా, ఎముక కోసమా? తిరిగొచ్చాక ఒకవేళ వాచిందనుకో. జ్వరం వచ్చిందనుకో. వార్తలు చదువుతూ చదువుతూ ఒక పన్ను ఊడి మైకు ముందు పడిందనుకో! ఈ ఆఖరి ఊహకు ఆమెకు నవ్వు రావాల్సింది. వీపున చల్లటి చెమట పట్టింది.

వదిననే చూసి ధైర్యం తెచ్చుకుంటున్నాను కదా, అనుకుంది. వదిన బాగానే ఉంది కదా.

స్టూడియో బజారు మలుపులో ఉంది. ఒక పక్క తాళంచెవులు చేసే ఆయన దుకాణం, మరో పక్క చెప్పుల కొట్టు. స్టూడియో అద్దాల బీరువాలో వదిన ఫోటో నిలువెత్తున పెట్టి ఉంది. పరాయి దేశం నుంచి వచ్చిన మర్నాడే తనే కెమెరా అమర్చుకుని తీసుకున్నది. పెదవులు బాగా విప్పి, తల కొంచెం పక్కకు వాల్చి నవ్వుతోంది. ఆ నవ్వు చూసి ఎంతమంది ఆగి "ఎక్కడ చేయించుకున్నారండీ?" అని అడిగారో లెక్కలేదు. ఫోటో కింద క్లినిక్కు ఫోన్ నంబరు కూడా అంటించింది వదిన.

షట్టరు సగం దించి ఉంది. "కాసేపట్లో వస్తాను" అన్న అట్టముక్క వేలాడుతోంది. లోపల మాత్రం లైటు వెలుగుతోంది.

ఆమె వంగి లోపలికి దూరింది. మంచు కొండలు వేసిన తెర, దాని ముందు గుండ్రటి స్టూలు, తెల్ల గొడుగు దీపాలు, దారం కట్టి వేలాడదీసిన దువ్వెన. మనిషి జాడ లేదు. వెనక గదిలో కుళాయి నీళ్ళు పడుతున్న చప్పుడు. ఆ చప్పుడు కిందుగా మరో చప్పుడు. బాధను పంటి బిగువున ఆపుకోవడానికి పళ్ళు కూడా లేని మనిషి మూలిగినట్టు.

కర్టెను పక్కకు లాగింది.

"వదినా!"

వదిన వాష్‌బేసిన్ మీద వంగి ఉంది. ఒక చేతిలో చిన్న టార్చి, ఎదురుగా అద్దం. పక్కన సబ్బుపెట్టెలో తెల్లగా మెరుస్తూ ఒక పళ్ళ వరస. ఆ ఫోటోలో నవ్వుతున్న వరసే.

వదిన గిరుక్కున తిరిగింది. తిరిగిన తొందరలో నోరు మూయడం మర్చిపోయింది.

ఆ ఒక్క క్షణంలో వార్తలమ్మాయి చూడాల్సిందంతా చూసేసింది. పళ్ళుండాల్సిన చోట చిన్న చిన్న మొనలు, పెన్సిళ్ళు చెక్కి సగంలో వదిలేసినట్టు. వాటిలో రెండు నల్లబడిపోయాయి. చిగురు కమిలిపోయి, ఒక చోట ఉబ్బి, ఆ ఉబ్బు మధ్య ఒక లోహపు ముక్క అంచు తళుక్కుమంది. ఇంత దూరానికీ వాసన కొట్టింది.

వదిన టవలు లాగి నోటికి అడ్డం పెట్టుకుంది. టవలు వెనకనుంచి మాటలు అటూ ఇటూ జారుతూ వచ్చాయి.

"తలుపు కొట్టి రావాలని తెలీదా నీకు?"

"తలుపెక్కడుంది వదినా, కర్టెనేగా!" అంది వార్తలమ్మాయి. ఆ మాట ఎందుకన్నదో ఆమెకే తెలియదు. భయమేసినప్పుడు నోటికొచ్చిందల్లా అనేయడం ఆమె అలవాటు. "ఏంటది? ఏమైంది?"

"ఏం కాలేదు. కొంచెం వదులైంది. కడిగి మళ్ళీ పెట్టుకుంటున్నా. నువ్వు వెళ్ళి ముందు కూర్చో, వస్తున్నా."

"దేంతో పెట్టుకుంటారు?"

వార్తలమ్మాయి కళ్ళు అద్దం కిందున్న పలక మీదికి వెళ్ళాయి. అక్కడ నొప్పి మాత్రల అట్ట, దూది, ఒక చిన్న ట్యూబు. ఆ ట్యూబును ఆమె చాలాసార్లు చూసింది. ఫోటో ఫ్రేములు విరిగితే వదిన దాంతోనే అతికిస్తుంది.

"ఇదా? ఇది నోట్లో పెట్టుకుంటున్నారా?"

"మొదట్లో మందుల షాపులో దొరికే పళ్ళ సిమెంటే పెట్టుకున్నా." వదిన గొంతులో రోషం ఇంకా మిగిలే ఉంది. "అది సాయంత్రం దాకా కూడా ఆగట్లేదు. షాపుకొచ్చిన వాళ్ళకి 'నవ్వండి, నవ్వండి' అని పొద్దస్తమానం చెప్పేదాన్ని నేను. నేను నోరు మూసుకుని చెబితే ఎవరు నవ్వుతారు?"

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"అరవకు. పక్క షాపాయన వింటాడు."

"విననివ్వండి. ఎన్నాళ్ళ నుంచి?"

వదిన గోడవార ఉన్న మరో స్టూలు కోసం వెనక్కి తడుముకుంది. కూర్చుంది. టవలు మాత్రం తియ్యలేదు. కొంతసేపటికి రోషం కాస్తా గాలి తీసిన బంతిలా అయిపోయింది.

"వచ్చిన మూడో నెలకే ఒకటి కదిలింది," అంది. "మంచి పళ్ళు కూడా అరగదీసేశారు పిల్లా. పాడైనవి రెండే, అవి పీకి స్క్రూలు బిగించారు. రెండింటికే వేస్తే రంగు కలవదు, అన్నిటికీ తొడుగులేస్తే వరస అందంగా ఉంటుందన్నారు. సరే అన్నాను. మత్తిచ్చారు, నొప్పేం తెలీలేదు. సన్నగా చప్పుడు మాత్రం వినిపించింది. అది నా పళ్ళు పొడైపోతున్న చప్పుడని అప్పుడు తెలీలేదు."

వార్తలమ్మాయి నాలుక తనకు తెలియకుండానే పోయి తన పళ్ళ వెనక నక్కింది.

"మన వీధి చివరి డాక్టరు దగ్గరికి వెళ్ళలేదా?"

"ఆయన దగ్గరికి ఏ ముఖంతో వెళ్ళను? వేరే పేట డాక్టరు దగ్గరికి వెళ్ళా. ఆయన ఎక్స్‌రే రెండుసార్లు చూశాడు. తర్వాత, 'అమ్మా, ఈ స్క్రూ ఏ కంపెనీదో నాకు తెలీదు, దీన్ని విప్పే పనిముట్టు నా దగ్గర లేదు, బలవంతంగా లాగితే ఎముక విరుగుతుంది, వేసినవాళ్ళ దగ్గరికే వెళ్ళండి' అన్నాడు. వేసినవాళ్ళకి ఫోన్ చేశా. ఎంత మర్యాదగా మాట్లాడారనుకున్నావ్! 'మాది గ్యారంటీ అమ్మా, వచ్చెయ్యండి, ఒక్క పైసా తీసుకోం' అన్నారు. గ్యారంటీ ఆ కుర్చీలో కూర్చుంటేనే. విమానం ఎవరెక్కిస్తారు? హోటలెవరిస్తారు? షాపు మూసుకుని ఎన్నిసార్లు పోతాను?"

"అంటే మళ్ళీ వెళ్ళలేదు."

"వెళ్ళాను. కెమెరా సామాను కొనడానికి వెళ్తున్నానని చెప్పి వెళ్ళానే, అప్పుడు. ఊడినవి మళ్ళీ అతికించి పంపించారు. ఇంటికొచ్చేలోగా విమానంలోనే ఒకటి చేతికొచ్చింది."

వదిన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వార్తలమ్మాయికి ఒక్కసారిగా చాలా సంగతులు అర్థమయ్యాయి. కొన్నాళ్ళుగా వదిన ఎవరింట్లోనూ ఏమీ తినడం లేదు. కడుపు బాగాలేదంటుంది. ఎదురుపడితే పెదవులు కలిపే నవ్వుతుంది, మాట్లాడేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. కొత్త పళ్ళొచ్చాక వదినకు వయ్యారం ఎక్కువైందని అత్తగారు, తను కలిసి చాటుగా నవ్వుకున్నారు కూడా. తలుచుకుంటే సిగ్గేసింది.

జాలి గొంతుదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. దాని వెనకే మరో మాట తోసుకొచ్చింది.

"మరి నన్నెందుకు పంపిస్తున్నావ్?"

పెళ్ళయిన నాటి నుంచీ వదినను మీరు అనే పిలిచింది. ఇప్పుడు 'నువ్వు' అన్నానని ఆమె గమనించలేదు. వదిన గమనించింది. తల దించుకుంది.

"చెప్పు. నా నోరే నా ఉద్యోగమని తెలుసు నీకు. ఈ అవతారం రోజూ అద్దంలో చూసుకుంటూనే నాకు టిక్కెట్టు కొనిపించావ్. ఎందుకు?"

కుళాయి ఇంకా పారుతూనే ఉంది. వదిన లేచి కట్టేసింది.

"ముగ్గుర్ని తీసుకొస్తే నాది మొత్తం తీసేసి మొదటి నుంచీ కొత్తగా చేస్తామన్నారు," అంది గోడతో చెబుతున్నట్టు. "విమానం, హోటలు, అన్నీ వాళ్ళే పెట్టుకుంటామన్నారు. నాకింకో దారి కనిపించలేదు. ఇక్కడ చేయించుకోవాలంటే షాపు అమ్ముకోవాలి."

"ముగ్గురా?"

"తాళాలాయన ఒకడు. అమ్మ. నువ్వు."

వార్తలమ్మాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ కోపం కూడా సరిగ్గా నిలవలేదు. ఇంకో మూడు నాలుగు రోజుల్లో తను ఆ కుర్చీలో వెనక్కి వాలి ఉండేది. సన్నగా చప్పుడు వింటూ ఉండేది.

"అందరికీ ఇలా అవదు," వదిన తొందరతొందరగా అంది. "ఒట్టు, అవదు. తాళాలాయనకి బాగానే చేశారు, నువ్వే చూశావుగా, దొరికిందల్లా కొరికి నమిలేస్తున్నాడు. నీకూ బాగానే చేస్తారనుకున్నా. నాకే ఇలా రాసిపెట్టి ఉంది గానీ మీకెందుకవుతుందిలే అనుకున్నా. రోజూ అలాగే అనుకుని పడుకునేదాన్ని. నిద్ర మాత్రం పట్టేది కాదు."

"పొద్దుట్నుంచీ ఫోనెందుకు ఎత్తలేదు?"

"నీ గొంతు వింటే వద్దని చెప్పేస్తానేమోనని."

ఆ మాట నిజమే అయి ఉంటుంది. వార్తలమ్మాయి చేతిసంచి తెరిచింది, టిక్కెట్టు కనబడింది, మళ్ళీ మూసింది. నేను వెళ్ళను, అనుకుంది. ఈల వేసుకుంటూ చదువుతాను, లేదంటే ఏడాదిన్నర ఇంట్లో కూర్చుంటాను. వెళ్ళను గాక వెళ్ళను. అలా అనుకోగానే గుండెల మీంచి బరువు దిగినట్టనిపించింది.

దిగిన బరువు అంతలోనే రెట్టింపై వచ్చి కూర్చుంది.

"అత్తయ్య!" అంది.

వదిన సబ్బుపెట్టెను గోడ వైపు జరిపింది.

"అత్తయ్యకి రేపు కదా?"

"రేపే. అమ్మకి పెద్దగా ఏమీ చెయ్యరు. కింద మిగిలిన నాలుగు తీసేసి స్క్రూలు వేస్తారంతే. పైన మామూలు పళ్ళ సెట్టే."

"అంతేనా! డెబ్భై దగ్గరపడిన మనిషికి ఒకే పూట నాలుగు పీకి నాలుగు బిగించడం అంతేనా? వదినా, అత్తయ్య గుండెలో స్టెంటు వేసి ఇంకా ఏడాది కూడా కాలేదు. అది వాళ్ళకి తెలుసా?"

వదిన టవలును ఇంకా గట్టిగా అదుముకుంది.

"ఫోన్‌లో వివరాలు చెప్పింది నువ్వే కదా. చెప్పావా లేదా?"

"చెబితే గుండె డాక్టరు రాసిచ్చిన కాగితం తెమ్మంటారు. ఆయన ఇప్పుడే వద్దంటాడు. అమ్మేమో యాపిల్ పండు కొరికి తినాలని చిన్నపిల్లలా మొండికేస్తోంది. అందుకని..."

"చెప్పలేదు."

"చెప్పలేదు. అమ్మని కూడా చెప్పొద్దన్నాను."

అత్తగారి సూట్‌కేసు తనే సర్దింది. రక్తం పలచబడే మాత్రలు విడిగా ఒక డబ్బాలో పెట్టి, పైన ఎర్ర రిబ్బను కట్టి, "అక్కడ డాక్టరుకి ఇది ముందు చూపించండి అత్తయ్యా" అని మరీ మరీ చెప్పింది. ఒక్క పూట కూడా మానొద్దని గుండె డాక్టరు వేలు చూపించి చెప్పిన మాత్ర అది. ఆవిడ బుద్ధిగా తలూపింది.

"మాత్రలు వేసుకుంటోంది కదా?" అని అడిగింది. "కనీసం అదైనా?"

వదిన టవలు తీసేసింది. ఇక దాచడానికి ఓపిక లేనట్టు. ఆ చెక్కిన మొనల మధ్య నుంచి మాట చాలా మెల్లగా వచ్చింది.

"వారం అయింది మానేసి. పళ్ళు పీకితే రక్తం ఆగదని ఎక్కడో చదివా. నేనే మానెయ్యమన్నా. తమ్ముడికి తెలీదు. తమ్ముడి ముందు మాత్ర నోట్లో వేసుకుని తర్వాత ఉమ్మేస్తోంది."

వార్తలమ్మాయికి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఫోన్ తీసి భర్త నంబరు రెండుసార్లు తప్పు నొక్కింది. మూడోసారి మోగింది, స్పీకరు నొక్కింది. మోగుతూనే ఉంది. వదిన వచ్చి పక్కన నిలబడింది.

"ఆ, చెప్పవోయ్," అన్నాడు భర్త ఎట్టకేలకు. "నేనే చేద్దామనుకుంటున్నా. ఇక్కడ అంతా అద్దంలా ఉందనుకో! కాళ్ళకి ప్లాస్టిక్ తొడుగులేసుకుని నడవాలి. నాలాంటి వాడికి జారిపడటమే తక్కువ. నువ్వొచ్చేటప్పుడు..."

"అత్తయ్యెక్కడ?"

"లోపలికి తీసుకెళ్ళారు. రేపటిది ఇవాళ్టికి జరిపారు. ఎవరో రాలేదట, కుర్చీ ఖాళీగా ఉందట. మంచిదే కదా, ఒక రోజు కలిసొస్తుంది."

వదిన చెయ్యి వార్తలమ్మాయి భుజాన్ని గట్టిగా పట్టుకుంది.

ఆమె భర్త నోట్లో నాలుక లేని మనిషి. హోటల్లో తనడిగింది కాకుండా వేరేది తెచ్చిపెడితే అదే తినేసి, బాగుందని చెప్పి వస్తాడు. అలాంటి మనిషికి కంగారుగా చెబితే కంగారే అర్థమవుతుంది, మాట అర్థం కాదు. ఆమె గుండెల నిండా గాలి పీల్చింది. బులెటిన్ చదివే గొంతు తెచ్చుకుంది.

"ఏవండీ, నేను చెప్పేది పూర్తిగా వినండి. అత్తయ్య వారం నుంచి గుండె మాత్ర వేసుకోవట్లేదు. మీ ముందు వేసుకుని ఉమ్మేస్తున్నారు. స్టెంటు సంగతి అక్కడి డాక్టరుకి తెలీదు. ఇప్పుడే లోపలికి వెళ్ళి ఆపించండి."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు.

"పొద్దున హోటల్ మెట్ల దగ్గర ఆగిపోయింది," అన్నాడు అతను. గొంతు మారిపోయింది. "చెమటలు పట్టాయి. గ్యాస్ అంది. నేను కూడా గ్యాసే అనుకున్నా. నీళ్ళు తాగించి తీసుకొచ్చా."

"వెళ్ళండి. ఫోన్ పెట్టెయ్యకండి, వెళ్ళండి!"

ప్లాస్టిక్ తొడుగుల్లో పరుగెత్తుతున్న అడుగుల చప్పుడు. తలుపు కొట్టిన చప్పుడు. ఒక ఆడమనిషి గొంతు, రోగులకు మాట సాయం చేయడానికి క్లినిక్కు వాళ్ళు పెట్టుకున్నావిడ కాబోలు, చక్కటి తెలుగులో, ఏమాత్రం తొణక్కుండా: "దయచేసి కూర్చోండి సార్. చికిత్స మొదలైంది. మీ అమ్మగారికి ఏ జబ్బూ లేదని ముందే చెప్పారు కదా."

"చెప్పింది తప్పండీ. ఆవిడకి గుండె..."

"డాక్టరుగారు బయటికి వచ్చాక మాట్లాడదాం సార్. లోపలికి వెళ్ళకూడదు."

"అదికాదండీ, దయచేసి..."

"దయచేసి ఏంట్రా!" వదిన ఫోన్ లాక్కుంది. పళ్ళు లేని నోటితో, గొంతు చిట్లిపోయేలా అరిచింది. "తమ్ముడూ! తలుపు తియ్యి! బద్దలు కొట్టు! అమ్మ చచ్చిపోతుందిరా, నా వల్ల చచ్చిపోతుంది, నెట్టుకుని లోపలికి వెళ్ళు!"

షట్టరు బయట ఎవరో ఆగిన నీడ పడింది. పక్క షాపాయన కావచ్చు. ఇద్దరూ పట్టించుకోలేదు.

ఫోన్‌లో ఏదో దభాలున పడింది. ఆ మెతక మనిషి గొంతు ఎన్నడూ లేనంత గట్టిగా వినిపించింది. "జరగండి! మా అమ్మ ఆవిడ! జరగమంటుంటే!" ఎవరో పరాయి భాషలో కోపంగా ఏదో అన్నారు. లోపల సన్నగా తిరుగుతున్న యంత్రం చప్పుడు. ఆ చప్పుడు వినగానే వదిన రెండు చెవులూ మూసుకుంది. ఫోన్ జారబోతుంటే వార్తలమ్మాయి పట్టుకుంది.

యంత్రం ఆగింది.

"అమ్మా! అమ్మా, నేనే. ఇంకా ఏం చెయ్యలేదు కదా? ఇదిగో, కోడలు మాట్లాడుతుంది, మాట్లాడు."

ఫోన్ చేతులు మారిన గరగర. తర్వాత అత్తగారి గొంతు. పెదవులు మొద్దుబారి, మాటలు ముద్ద ముద్దగా వస్తున్నాయి. అయినా ఆవిడ నవ్వుతోంది.

"ఏమ్మా, అప్పుడే బెంగపడ్డావా? ఇంకా ఏం చెయ్యలేదు, మత్తు సూదులిచ్చి ఆ మిషను తిప్పి చూస్తున్నారంతే. మూతి నాది కాదన్నట్టుంది. వీడేంటి, తలుపులిరగ్గొట్టుకుని వచ్చాడు? పరువు తీశాడు."

"అత్తయ్యా!" వార్తలమ్మాయికి ఏడుపు ముంచుకొచ్చింది. ఆపుకుంది. "అత్తయ్యా, మీరు కదలకండి. మీకేమీ కాదు. ఆ డాక్టరుతో ఏమీ చేయించుకోవద్దు, అర్థమైందా? అన్నీ తెలిశాయి మాకు, మాత్ర సంగతి తెలిసింది."

"అబ్బ, చెప్పేసిందా అది? దాన్నేం అనకు. నేనే దానికి సరే అన్నా." ఊపిరి పెద్దగా, గరగరమంటూ వినిపించింది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో నవ్వు లేదు. "ఒసేయ్ అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి, ఒక్కటి అడుగుతా చెప్పు. వీళ్ళని అడిగితే వీళ్ళకి అర్థం కావట్లేదు. పంటికి ఇచ్చిన మత్తు చేతిలోకి కూడా దిగుతుందా?"

"చేతిలోకా?"

"ఎడమ చెయ్యి. భుజం దగ్గర్నుంచీ వేళ్ళ దాకా లాగేస్తోంది, బండరాయి కట్టినట్టుంది. ఈ మత్తు కిందికి దిగుతున్న కొద్దీ ఊపిరి కూడా..."

మాట అక్కడితో ఆగిపోయింది. ఫోన్ నేల మీద పడిన చప్పుడు వినిపించింది.